రెడ్ డెలిషస్, ఫ్యూజీ: ఒకే వంశం, వేరు రుచులు

అమెరికాలోని అయోవాలో 19వ శతాబ్దంలో పుట్టి, భారత్‌లో స్థిరపడిన అమెరికన్ సామ్యూల్ స్టోక్స్ చేతుల మీదుగా హిమాచల్‌లోని కోట్‌గఢ్‌లో పాదుకొన్న రెడ్ డెలిషస్ ఆపిల్‌ను, ముదురెరుపు తోలును, అడుగున ఉండే ఐదు బుడిపెలను బట్టి దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. పూజ పళ్ళెంలో అమర్చడానికి ఇంతకు మించినది లేదు గాని, తీపే తప్ప పులుపు తక్కువ. పైగా నాలుగు రోజులు బయట ఉంచితే కండ పిండిపిండిగా మారుతుంది.

ఫ్యూజీ దీని సంతానమే. జపాన్‌లోని ఫుజిసాకిలో రెడ్ డెలిషస్‌ను రాల్స్ జానెట్ అనే మరో ఆపిల్ రకంతో సంకరపరచగా వచ్చిన ఈ రకానికి 1962లో పేరు పెట్టారు. పసుపు మీద గులాబీ చారలతో చూపుకు సాదాగా ఉన్నా, కొరకగానే కరకరమంటూ తియ్యని రసం చిప్పిల్లుతుంది. ఫ్రిజ్‌లో వారాల తరబడి గట్టిదనం కోల్పోదు కనుక, ధర కాస్త ఎక్కువైనా తినడానికి నేను దీన్నే కొంటాను.