హండ్రెడ్, పారిష్: బకింగ్‌హామ్‌షైర్‌ పాత హద్దులు

ఇంగ్లండ్‌లోని బకింగ్‌హామ్‌షైర్ పాత రికార్డుల్లో ఒకే ఊరికి రెండు గుర్తులు కనిపిస్తాయి: ఏ హండ్రెడ్, ఏ పారిష్. రెండూ ఒకటే అనుకుంటే వెతుకులాట దారి తప్పుతుంది.

హండ్రెడ్ అంటే కౌంటీలో (మన జిల్లా లాంటిది) ఒక భాగం, పాలన కోసం పుట్టింది. సాధారణంగా చాలా పారిష్‌లను కలుపుకున్నంత పెద్దది, దానికి సొంత కోర్టు ఉండేది.

పారిష్ మొదట ఒక చర్చి పరిధి. కానీ మామూలు మనిషి బతుకంతా నమోదైంది అక్కడే. బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు రాసిపెట్టాలని 1538లో ఆదేశం వచ్చింది. 1601 చట్టంతో పన్ను వసూలు చేసి పేదలను ఆదుకునే బాధ్యత కూడా పారిష్‌దే అయింది. అందుకే పూర్వీకుల కోసం వెతికేవారిని ముందు పారిష్ రిజిస్టర్లే చూడమంటాను. ఆ పేజీల్లో కూలివాడి పేరు కూడా దొరుకుతుంది, అది చిన్న విషయం కాదు.

19వ శతాబ్దంలో హండ్రెడ్‌కు పని లేకుండా పోయింది. గ్రామీణ పారిష్‌లకు మాత్రం 1894 చట్టం ఎన్నికైన కౌన్సిళ్లను ఇచ్చింది, అవి నేటికీ నడుస్తున్నాయి.

అయినా హండ్రెడ్ పేరు చెరిగిపోలేదు. స్టోక్, డెస్‌బరో, బర్న్‌హామ్ కలిసి చిల్టర్న్ హండ్రెడ్స్. బ్రిటన్ ఎంపీలు నేరుగా రాజీనామా చేయలేరు. ఈ చిల్టర్న్ హండ్రెడ్స్‌కు స్టీవార్డు అనే నామమాత్రపు పదవి తీసుకుని సీటు ఖాళీ చేసే పద్ధతి ఇప్పటికీ ఉంది.