మంచు చూడ్డానికి టింబర్‌లైనా, స్కీబౌలా?

అమెరికాలోని ఒరెగాన్‌లో, పోర్ట్‌లాండ్, హిల్స్‌బరో వైపు మనవాళ్ల ఇళ్లలో డిసెంబరు వస్తే ఇదే మాట: "అమ్మావాళ్లు వచ్చారు, మంచు చూపించాలి, ఎటు తీసుకెళ్దాం?" మౌంట్ హుడ్ అనే మంచు కొండ పోర్ట్‌లాండ్‌కి 60 మైళ్ల దూరం. 26వ నంబరు హైవే మీద వెళ్తే గవర్నమెంట్ క్యాంప్ అనే చిన్న ఊరి దగ్గర స్కీయింగ్ (కాళ్లకు పలకలు కట్టుకుని మంచు మీద జారడం) చేసే స్కీబౌల్ రోడ్డు పక్కనే కనిపిస్తుంది. కొండ మీద పాత లాడ్జ్ (హోటల్) ఉన్న ఇంకో స్కీయింగ్ చోటు టింబర్‌లైన్‌. దానికి అక్కణ్ణుంచి ఇంకో ఆరు మైళ్లు ఘాట్ రోడ్డు ఎక్కాలి. ఆ ఆరు మైళ్లకి జంకి చాలామంది కిందే ఆగిపోతారు. ఇంట్లో పెద్దవాళ్లుంటే మాత్రం ఎక్కమనే నేను చెబుతాను.

మొదటి కారణం ఎత్తు. స్కీబౌల్ అడుగున 3,600 అడుగులు, టింబర్‌లైన్ లాడ్జ్ దాదాపు 6,000 అడుగులు. కింద వాన పడుతున్న రోజున పైన మంచు కురుస్తూ ఉంటుంది. మంచు కోసం ఇంత దూరం వచ్చి బురదలో నిలబడితే ప్రాణం ఉసూరుమంటుంది.

రెండోది ఆ లాడ్జ్. 1930ల్లో పనులు దొరకని కాలంలో ప్రభుత్వం కూలి ఇచ్చి కట్టించిన భవనం అది. 1937 సెప్టెంబరు 28న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ స్వయంగా వచ్చి ప్రారంభించారు. డబ్బు తక్కువ కాబట్టి పాత సామానుతోనే అందం తెచ్చారు. చలి కాచుకునే పొయ్యి ముందు వేలాడే తెర, మంచులో కారు చక్రాలకు కట్టే పాత గొలుసులతో చేసింది. మెట్ల పక్క కంబాలేమో పాత కరెంటు స్తంభాలు. వాటి తలల మీద గుడ్లగూబ, ఎలుగుబంటి లాంటివి చెక్కారు. ఎన్ని చేతులు తగిలాయో, నున్నగా అయిపోయాయి. స్కీయింగ్ రాని మా అమ్మ ఆ గుడ్లగూబ తల నిమురుతూ చాలాసేపు అక్కడే నిలబడింది. తర్వాత పొయ్యి దగ్గర కూర్చుని, కిటికీలోంచి మంచు చూస్తూ టీ తాగింది. ఆమెకు ఆ రోజంతా అదే పండగ.

స్కీబౌల్‌ని తక్కువ చేయడం లేదు. పిల్లలకైతే అదే మేలు. గాలి నింపిన ట్యూబ్‌లో కూర్చుని మంచు మీద జర్రున జారడానికి నేర్చుకోవాల్సిందేమీ లేదు. రాత్రి లైట్ల వెలుగులో స్కీయింగ్ చేయాలనుకునేవాళ్లకీ అదే చోటు, ఆఫీసు అయ్యాక బయలుదేరినా సరిపోతుంది. కానీ పైభాగం చాలా నిటారు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి టింబర్‌లైన్‌లో లాడ్జ్ కింద ఉన్న వెడల్పాటి వాలులే భయం లేకుండా ఉంటాయి.

టింబర్‌లైన్‌తో ఒక ఇబ్బంది ఉంది: గాలి. గాలివాన రోజున స్కీయింగ్ చేసేవాళ్లను కొండపైకి తీసుకెళ్లే లిఫ్టులు ఆపేస్తారు, ఎదురుగా ఉన్న శిఖరం కూడా కనిపించదు. అలాంటి రోజు కింద ఉండటమే నయం. పొద్దున్నే రోడ్డు కెమెరాలు చూసి బయలుదేరండి. చైన్లు కారులో పెట్టుకుని, ఒకసారి ఇంటి ముందే తొడిగి చూసుకోండి. మంచులో, చీకట్లో, చేతులు కొంకర్లు పోతుంటే మొదటిసారి తొడగడం పెద్ద టెన్షన్. నవంబరు 1 నుంచి ఏప్రిల్ 30 వరకు ఈ రెండు చోట్లలో ఎక్కడ ఆపినా కారు అద్దం మీద స్నో పార్క్ పర్మిట్ (చలికాలం పార్కింగ్ అనుమతి చీటీ) ఉండాలి.

అమ్మావాళ్లు ఎండాకాలంలో వస్తే ఇక ఆలోచించక్కర్లేదు, టింబర్‌లైన్‌కే. జూన్, జూలైలో కూడా పైన పామర్ అనే మంచు మైదానం మీద స్కీయింగ్ చేసేవాళ్లు కనిపిస్తారు.