పది నిమిషాల ‘ఉచిత’ స్నార్కెలింగ్: హావ్‌లాక్‌లో పోయినది, నీల్‌లో దొరికినది

అండమాన్‌కు పిల్లలతో వెళ్ళేవారు ప్యాకేజీ కాగితంలో ‘ఉచిత స్నార్కెలింగ్’ (మాస్కు, ఊపిరి గొట్టం పెట్టుకుని నీటి మీద తేలుతూ కిందికి చూడడం) అన్న మాట చూస్తే, ఎన్ని నిమిషాలు, ఏ చోట, ఒక గైడుకు ఎంతమంది అన్న మూడు ప్రశ్నలనూ డబ్బు కట్టకముందే అడగాలి. మేము అడగలేదు. జనవరి చివరి వారంలో నేను, మా ఆవిడ, పదకొండేళ్ళ మా అమ్మాయి, అరవై ఎనిమిదేళ్ళ మా అమ్మ కలిసి ఆరు రోజులు తిరిగి వచ్చాము. పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చినా మాకు ఎదురైన వారందరూ పాత పేరే వాడుతున్నారు. అక్కడి సెల్యులర్ జైలు, హావ్‌లాక్ దీవికి ఓడ ప్రయాణం, రాధానగర్ తీరం అన్నీ అనుకున్నట్టే జరిగాయి. సాయంత్రం ఐదున్నరకల్లా పొద్దు గూకుతుంది కనుక ఏ పనైనా పెందలాడే మొదలుపెట్టాలన్నది తప్ప వాటి గురించి చెప్పవలసినదేమీ లేదు.

అసలు కథ హావ్‌లాక్‌లోని ఎలిఫెంట్ బీచ్‌ది. మనిషికి 1,200 చొప్పున నలుగురికి 4,800 రూపాయలు కట్టించుకుని, ఎనిమిది గంటలకు రమ్మని, జెట్టీ దగ్గర తొమ్మిదిన్నర దాకా ఎండలో నిలబెట్టారు. తీరా అక్కడికి చేరాక, ఒక రబ్బరు ట్యూబుకు మా ముగ్గురినీ వేలాడదీసి, గైడు ఒక చేత్తో ట్యూబును, మరో చేత్తో కెమెరాను పట్టుకుని, మమ్మల్ని బస్తాల్లా లాక్కుపోయాడు. మా అమ్మాయి మాస్కులోకి నీళ్ళు వస్తున్నాయని మూడుసార్లు చెబితే మూడుసార్లూ పట్టీ బిగించాడే గాని మాస్కు మార్చలేదు. పాప ఉప్పునీళ్ళు మింగి ఏడ్చింది. కింద కనబడినది చాలావరకు విరిగిన, వన్నె పోయిన పగడపు ముక్కల గుట్ట. సముద్రం వేడెక్కితే పగడాలు తమలో ఉండే నాచును వదిలేసి తెల్లబడతాయని, 2010లోనూ 2016లోనూ అండమాన్‌లో అలా జరిగిందని చదివాను కాబట్టి తప్పంతా వారిదేనని అనను. అయితే మిగిలిన పగడాల మీద ఆ గైడే నిలబడి ఊపిరి తీసుకోవడం నేను కళ్ళారా చూశాను.

పది నిమిషాలకు ఒడ్డున దించి, “మంచివి ఇంకా లోపల ఉన్నాయి, మనిషికి 800 అదనం” అన్నారు. ఫోటోలకు మరో వెయ్యి. ఫోటోలకు ఇచ్చాను, లోపలికి వెళ్ళలేదు. మా ఆవిడ మాట్లాడడం మానేసింది. మా ఇంట్లో అది అరుపుకంటే ప్రమాదకరం. అమ్మ ఒక్కతే ఒడ్డున పడి ఉన్న మాను మీద కూర్చుని, ఉప్పూకారం చల్లిన అనాస ముక్కలు తింటూ ప్రశాంతంగా ఉంది.

మరునాడు నీల్ దీవిలో రోజుకు 2,400 రూపాయల గది తీసుకున్నాము. వేడినీళ్ళు లేవు, ఫ్యాను గోల చేసేది, దోమతెరకు చిల్లులు. అయినా నేను మళ్ళీ అక్కడే దిగుతాను, ఎందుకంటే ఆ ఇంటాయన శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం వాడు, ఆటుపోట్ల వేళలు చూసిగాని మమ్మల్ని కదలనివ్వలేదు. నీల్‌లో ఒడ్డు చాలా దూరం లోతు తక్కువ. ఆటు సమయంలో, అంటే నీరు వెనక్కి తగ్గినప్పుడు, దిగితే కాళ్ళూ పగడాలూ రెండూ చెక్కుకుపోతాయి కాబట్టి పోటు వేళకే వెళ్ళాలని ఆయన మాట. ఆయన పిలిపించిన కుర్రవాడు మనిషికి 1,500 తీసుకున్నాడు, కాని మొదటి అరగంట నడుములోతు నీళ్ళలోనే పాపతో నోటితో ఊపిరి తీయించాడు, మాస్కు అద్దం మీద ఉమ్మి రాసి కడగడం నేర్పాడు, రెండు మాస్కులు మార్చి మూడోది సరిపోయాకే ముందుకు కదిలాడు.

ఆ తర్వాతి గంట గురించి ఎంత చెప్పినా తక్కువే. సీ అనిమోన్ అనే పువ్వులాంటి సముద్రజీవి చేతుల మధ్య క్లౌన్ ఫిష్ అనే చిన్న చేపల జంట దోబూచులాడుతోంది. ఆ చేతుల విషం తమకు తగలకుండా వాటి ఒంటిమీది జిగురు కాపాడుతుందట. నన్ను నిలబెట్టేసింది మాత్రం ఒక శబ్దం. పేలాలు నమిలినట్టు కరకరమంటూ ప్యారట్ ఫిష్‌లు పగడపు రాతిని కొరుకుతున్నాయి. అవి కొరికి అరిగించుకుని వదిలేదే ఇసుక. మేము చెప్పులు విడిచి నడిచిన తెల్లటి ఇసుకలో కొంత వాటి పుణ్యమేనని తెలిశాక పాపకు నవ్వు ఆగలేదు. పెద్ద ఆల్చిప్ప ఒకటి మా నీడ పడగానే పెదవులు ముడుచుకుంది.

నీళ్ళలో దిగని పెద్దవారు నీల్‌లోని సహజ రాతి వంతెన దగ్గరకు ఆటు వేళ వెళ్ళాలి. రాళ్ళు జారుతాయి కనుక పట్టున్న చెప్పులు తప్పనిసరి. అక్కడి రాతి గుంటల్లో పీతలు, చిన్న చేపలు, దోసకాయలా ఉండే నల్లటి సముద్రజీవులు సీ కుకుంబర్‌లు అమ్మకు చీర కుచ్చిళ్ళు తడవకుండానే కనబడ్డాయి. ఒకదాన్ని తీసి చూడబోతే, “అమ్మా, ముట్టుకోకండి, కేసు అవుతుంది” అని కుర్రవాడు ఆపాడు. అది వేళాకోళం కాదు. సీ కుకుంబర్‌లూ పగడాలూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్నవే.

ఇక ఎలిఫెంట్ బీచ్ ఫోటోలు, మేము ఇంటికి వచ్చిన నాలుగు రోజులకు ఫోనుకు వచ్చాయి. మొత్తం పదహారు. అన్నింటిలోనూ పసుపు టీషర్టు వేసుకున్న ఎవరో పెద్దమనిషి బొటనవేలు పైకెత్తి నవ్వుతున్నాడు. మా వెయ్యి రూపాయలు ఇంకా తిరిగి రాలేదు.