లెగో, డూప్లో ఒకదానికొకటి అతుక్కుంటాయని మాకు రెండేళ్లకు తెలిసింది

మా పెద్దదాని ఐదో పుట్టినరోజుకి 790 ముక్కల లెగో క్లాసిక్ డబ్బా కొన్నాం, ఒకదాని మీద ఒకటి నొక్కి కట్టుకునే ప్లాస్టిక్ ముక్కలు. ఇప్పుడు దానికి తొమ్మిదేళ్లు. తమ్ముడికి రెండేళ్లప్పుడు డూప్లో వచ్చింది, అంటే లెగో వాళ్లే చిన్నపిల్లల కోసం చేసే పెద్ద ముక్కలు. వాడు దొరికిందల్లా నోట్లో పెట్టుకునే వయసు కాబట్టి రెండిటినీ వేరు వేరు సంచుల్లో, వేరు వేరు గదుల్లో ఉంచాను. అక్క, పక్క ఫ్లాట్ల పిల్లలు హాల్లో ఏదో కట్టడం, వీడు వెళ్లి దాని మీద కూలబడటం, నలుగురూ ఏడవటం. రెండేళ్లు ఇదే తంతు.

పోయిన వేసవిలో మా అపార్ట్‌మెంట్ బోరు ఎండిపోయి ట్యాంకర్లు వస్తున్నాయి. పిల్లలు ఆ అపార్ట్‌మెంటే కడుతున్నారు. నాలుగేళ్లు నిండిన మావాడు డూప్లో ముక్క ఒకటి పట్టుకొచ్చి, "దీని మీద కట్టక్కా" అన్నాడు. "అది నీది, మాకు పట్టదురా" అంటూనే వాడి ఏడుపు ఆపడానికి ఎనిమిది బుడిపెల లెగో ముక్క పెట్టి నొక్కింది. టక్‌మని కూర్చుంది! తీసి తిరగేసి చూశాం. డూప్లో అన్ని వైపులా రెట్టింపు సైజు, బుడిపె మధ్యలో బోలు. చిన్న ముక్క అడుగున ఉన్న గొట్టం సరిగ్గా ఆ బోలులో దిగుతోంది. రెండూ కొన్నదాన్ని నేనే, నాకే తెలియదు.

ఇక సాయంత్రం దాకా ఎవరూ లేవలేదు. కింద డూప్లో సంపు, దాని కాపలా మావాడిది. చిన్న నీలం ముక్కలు నీళ్లు. "ఫ్లాట్‌కి పది బిందెలే" అని పక్కింటి బాబు సెక్రటరీ అంకుల్ గొంతుతో అరుస్తున్నాడు. డబ్బులిస్తేనే నీళ్లన్నాడు మావాడు. పసుపు ముక్కలు డబ్బులయ్యాయి. మర్నాడు నిన్నటి బాకీ వసూలుతో ఆట మొదలైంది.

పలచటి ముక్కలు మాత్రం డూప్లో మీద నేరుగా కూర్చోవు, మధ్యలో మామూలు ఎత్తు ముక్క పెట్టాలి. ఇదివరకు ఎవరడిగినా ఒక్క డబ్బా చాలనేదాన్ని. నలుగురు కూర్చుంటే చక్రాల దగ్గరే గొడవ. చాలడం లేదని చవగ్గా వేరే రకం ముక్కల బకెట్ ఒకటి తెచ్చాను, ఆరు నెలలకే పట్టు వదిలేసింది. అమ్మమ్మకు చూపిద్దామని పెద్దది రెండు చేతులా ఎత్తిందో లేదో, రెండో అంతస్తు జారి నేల మీద పడింది. ఆ ముక్కలన్నీ ఏరి పక్కన పడేశాను.

మా పిల్లలిద్దరికీ నాలుగేళ్ల తేడా, పైగా పక్క ఫ్లాట్లలో పిల్లలున్నారు. అందుకే రెండూ కొన్న ఖర్చు నాకు బరువనిపించలేదు. ఒక్కరే ఉన్న ఇంట్లో ఇంత ఆట వస్తుందో లేదో నేను చెప్పలేను. మూడేళ్లలోపు పిల్లలుంటే మాత్రం ఇప్పుడే కలపకండి, చిన్న ముక్కలు గొంతులో ఇరుక్కుంటాయి.

ఈ వేసవిలో మళ్లీ సంపు తవ్వారు, ఈసారి సోఫా పక్కన. పడగొట్టొద్దని మావాడి ఆర్డర్. రోజూ దాని చుట్టూనే తుడుస్తున్నాను.