బానెట్ మీద స్కూప్: పదకొండేళ్లు వాడాక నా మాట

మా బండి 2012 ఫార్చూనర్. 3.0 లీటర్ల డీజిల్, మాన్యువల్ గేర్లు. 2014లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడు మీటరులో 62,000 ఉండేది, ఇప్పుడు 2,31,000 దాటింది. ఇల్లు బెంగళూరు కె.ఆర్.పురంలో, అమ్మానాన్న ఉండేది అనంతపురంలో. అందుకని ఈ బండి ఎక్కువగా తిరిగింది రెండే రకాల రోడ్ల మీద. ఒకటి మా వైపు టిన్ ఫ్యాక్టరీ జంక్షన్ దగ్గర ఆగి ఆగి కదిలే ట్రాఫిక్, రెండోది ఊరికి వెళ్లే హైవే, ఎన్‌హెచ్ 44. బానెట్ మీద స్కూప్, అంటే గాలి లోపలికి దిగేలా పైకి లేచి ఉండే నోరు, పనికొస్తుందా, ఊరికే షోకా అని ఎవరు అడిగినా నా జవాబు ఈ రెండు రోడ్ల దగ్గరే మొదలవుతుంది.

ముందు ఒక అపోహ గురించి చెప్పాలి. ఆ రంధ్రంలోంచి పోయే గాలిని ఇంజిన్ పీల్చుకుంటుందని చాలామంది అనుకుంటారు. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. మా బండిలో ఇంజిన్ పీల్చే గాలి వేరే దారిలో, ఎయిర్ ఫిల్టర్ గుండా వస్తుంది. ఆ గాలిని టర్బో, అంటే ఇంజిన్ వదిలే పొగ తోపుతో తిరిగే పంపు, నొక్కి పంపుతుంది. నొక్కితే గాలి వేడెక్కుతుంది, గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే వంద డిగ్రీలు దాటిపోతుంది. వేడి గాలి పలచన, అందులో ఆక్సిజన్ తక్కువ. అందుకే సిలిండర్లలోకి వెళ్లేలోపు దాన్ని చల్లార్చడానికి ఇంటర్‌కూలర్ పెడతారు. మా బండిలో అది ఇంజిన్ నెత్తిమీద పడుకోబెట్టినట్టు ఉంటుంది. స్కూప్‌లోంచి దిగే గాలి దాని పలచటి లోహపు రెక్కల మధ్యనుంచి పోయి, వేడిని తీసుకుని, ఇంజిన్ పక్కలనుంచి కిందికి వెళ్లిపోతుంది. స్కూప్ పని అంతే. ఆ పని ఎంత బాగా చేస్తుందో నాకు అంకెల్లో చూడాలనిపించింది.

2019 మే నెలలో, ఊరికి వెళ్లేటప్పుడు స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌కు చిన్న స్కానర్ తగిలించి, ఇంటర్‌కూలర్ దాటి ఇంజిన్‌లోకి పోయే గాలి ఉష్ణోగ్రత ఫోన్‌లో కనిపించేలా పెట్టుకున్నాను. ఫోన్ చూస్తూ అంకెలు రాసుకున్నది పక్క సీట్లో కూర్చున్న మా బావమరిది. బయట ఎండ 36 డిగ్రీలు. కొడికొండ చెక్‌పోస్ట్ నుంచి పెనుకొండ దాకా 90 వేగం దాటకుండా, తగ్గకుండా నడిపితే 49, 51 మధ్య ఆడింది. తిరుగు ప్రయాణంలో స్కూప్ నోటికి అట్టముక్క పెట్టి టేపు వేసి, అదే రోడ్డు, అదే వేగం. అంకె ఎక్కుతూ ఎక్కుతూ 71 దగ్గర నిలబడింది. ఇరవై డిగ్రీల తేడా! గాలి చిక్కదనంలో చూస్తే అది సుమారు ఆరు శాతం. ఐదుగురం కూర్చుని, ఏసీ వేసుకుని, చిన్న ఎత్తు మీద లారీని దాటబోయేటప్పుడు ఆ తేడా కాలికి తెలిసింది. నాల్గో గేరులో అయిపోయే పనికి మూడుకు దించాల్సి వచ్చింది. ఇలాంటి పరీక్ష ఎవరూ ఎక్కువసేపు చేయొద్దు, బరువుతో ఘాట్‌లో అసలే వద్దు.

ఇక్కడే ఇంకో లెక్క చెప్పాలి. "వేగంగా పోతే గాలి లోపలికి దూసుకొచ్చి ఇంజిన్‌కు బలం ఇస్తుంది" అంటుంటారు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి తోపు దాదాపు 460 పాస్కల్స్. సముద్రమట్టం దగ్గర మామూలు గాలి ఒత్తిడి 1,01,325 పాస్కల్స్. అంటే అదనంగా వచ్చేది అర శాతం కూడా కాదు. 200 వేగంలో పోయినా రెండు శాతం లోపే. స్కూప్‌వల్ల లాభమంతా చల్లదనంలోనే ఉంది, దూకుడులో కాదు.

ఇక సిటీ సంగతి. టిన్ ఫ్యాక్టరీ దగ్గర అరగంట ఇరుక్కుంటే అదే అంకె 75 దాటుతుంది, అదీ బెంగళూరు చల్లటి సాయంత్రాల్లో. బండి నిలబడితే స్కూప్‌లోకి వచ్చే గాలే లేదు. పైగా కింద మరిగే ఇంజిన్ వేడి అంతా పైకి లేచి నేరుగా ఇంటర్‌కూలర్‌కే తగులుతుంది. సిగ్నల్ పడి కదిలాక అది చల్లారడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది, ఆలోపు ఇంకో సిగ్నల్. హార్స్‌లీ హిల్స్ ఎక్కేటప్పుడూ ఇదే కథ. బరువు మీద, 30 వేగంలో, చల్లగాలి బాగా కావాల్సిన చోట స్కూప్‌కు దొరికేది కొంచెమే. ఇంటర్‌కూలర్‌ను రేడియేటర్ ముందు పెట్టిన బండ్లకు ఈ బాధ తక్కువ. ఇంజిన్ వేడికి దూరంగా ఉంటుంది, నిలబడినప్పుడు ఫ్యాన్ కూడా దానిగుండా గాలి లాగుతుంది. కాకపోతే వాటికి పొడవాటి పైపులు కావాలి, రేడియేటర్‌కు వచ్చే గాలి కాస్త వేడెక్కుతుంది. నెత్తిమీద పెడితే పైపులు పొట్టి. ఇంజినీర్లు దేన్ని ఎంచుకున్నా ఏదో ఒకటి వదులుకోవాల్సిందే. నా వాడకంలో సగం సిటీయే కాబట్టి, ఎంచుకునే వీలుంటే నేను ముందు భాగంలో ఉన్నదాన్నే తీసుకుంటాను.

నాకు స్కూప్ అంటే నిజంగా ఏమిటో అర్థమైంది 2021లో. ఒక గ్యారేజీలో ఇంటర్‌కూలర్ విప్పి శుభ్రం చేయించాను. ఆ తర్వాత ఊరికి వెళ్తుంటే హైవే మీద అంకె 63 నుంచి దిగడం లేదు. టెన్షన్ పడి టర్బోకు ఏమైందోనని పెనుకొండ దగ్గర ఆపి బానెట్ ఎత్తి చూశాను. స్కూప్ గొట్టానికీ ఇంటర్‌కూలర్‌కూ మధ్య చుట్టూ ఉండాల్సిన స్పాంజి సీలు లేదు. విప్పినవాళ్లు తిరిగి పెట్టలేదు. ఫోన్ చేసి అడిగితే "అదేమంత ముఖ్యం కాదు సార్" అన్నారు. సీలు లేకపోతే గాలి తేలిక దారి చూసుకుంటుంది. ఇరుకు రెక్కల్లో దూరకుండా పక్క సందులోంచి జారిపోతుంది. మా వీధిలో మదనపల్లె నుంచి వచ్చిన మెకానిక్ ఒకాయన ఉన్నాడు. "దీనికి ఇదే ప్రాణం అన్నా, పైన రంధ్రం ఉంటే సరిపోదు" అంటూ కొలతలు తీసి, గట్టి స్పాంజి కోసి అమర్చాడు. మరుసటి ప్రయాణంలో మళ్లీ 50.

వాన నీళ్లు పోతే ఏమవుతుందని కూడా అడుగుతుంటారు. ఇంటర్‌కూలర్ బయటి రెక్కలు తడుస్తాయి, నీళ్లు కిందికి కారిపోతాయి, అంతే. ఇంజిన్ పీల్చే దారి వేరు కాబట్టి భయం లేదు. నాకు ఇబ్బంది పెట్టింది పూలు. ఫిబ్రవరి, మార్చిలో మా వీధిలో టబేబుయా చెట్లు గులాబీ రంగులో విరగబూస్తాయి, చూడటానికి రెండు కళ్లూ చాలవు. బండి ఆ చెట్టు కింద వారం ఆగితే స్కూప్ నిండా పూలే. అవి తడిసి, ఎండి, రెక్కల మధ్య అట్ట కడతాయి. మెట్రో పనుల దుమ్ము వాటికి తోడు. నెలకోసారి మెత్తటి బ్రష్‌తో తీసి, తక్కువ ఒత్తిడి గాలి కొట్టిస్తాను. ప్రెజర్ వాష్ గన్ దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోతాయి, కార్ వాష్ దగ్గర నిలబడి ఆ మాట చెప్పాల్సిందే.

స్పోర్ట్స్ కార్లలోనూ సూత్రం ఇదే. సుబారు ఇంప్రెజా డబ్ల్యూఆర్ఎక్స్ బానెట్ మీది పెద్ద నోరు నిజమైనదే, కింద మా బండిలాగే ఇంటర్‌కూలర్ పడుకుని ఉంటుంది. మినీ కూపర్ ఎస్ కథ ఆసక్తిగా ఉంటుంది. సూపర్‌చార్జర్ (టర్బోలాంటిదే, కానీ దీన్ని ఇంజినే తిప్పుతుంది) ఉన్న తొలి తరంలో స్కూప్ కింద ఇంటర్‌కూలర్ ఉండేది. తర్వాతి తరంలో టర్బో వచ్చి, ఇంటర్‌కూలర్ ముందుకు జరిగింది. స్కూప్ మాత్రం చూపుల కోసం మిగిలింది. వెనక్కి తిరిగిన స్కూప్‌లు కూడా ఉన్నాయి. 1970 షెవర్లే షెవెల్ ఎస్ఎస్‌లో బానెట్ వెనుక వైపు ఒక మూత ఉండేది, గట్టిగా తొక్కితే తెరుచుకునేది. ముందు అద్దం మొదట్లో గాలి ఢీకొని ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి అక్కడనుంచి చల్లగాలి తీసుకునేది. అది మాత్రం నేరుగా ఇంజిన్ పీల్చే గాలే.

పోయిన నెల మా పక్కింటి అబ్బాయి తన పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్‌కు స్కూప్ పెట్టించాలనుకుని వచ్చాడు. కారు సామాన్లు అమ్మే జేసీ రోడ్డులో చూశాడట, అంటించేది ఒకటి, బానెట్ కోసి బిగించేది ఒకటి. "ఏది మంచిది అంకుల్?" అన్నాడు. రెండు బండ్ల బానెట్‌లూ ఎత్తి పక్కపక్కనే చూపించాను. వాడి బండిలో టర్బో లేదు, ఇంటర్‌కూలర్ లేదు. ఇంజిన్ పీల్చే పైపు నోరు ముందు గ్రిల్ వెనకే ఉంది, బయటి చల్లగాలి అక్కడ ముందునుంచే అందుతోంది. పైన కోస్తే వాన నీళ్లు పడేది వైరింగ్ మీద. బానెట్ లోపల పక్కటెముకల్లా ఉండే బలపు పట్టీలు తెగితే గుద్దుకున్నప్పుడు అది మడవాల్సిన తీరులో మడవదు. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద మార్పుల తలనొప్పి ఉండనే ఉంది. "అందం కోసమైతే అంటించేది తీసుకో నాయనా, అందులో తప్పు లేదు. కోయడం మాత్రం వద్దు" అన్నాను. వాడు ఆ పైపు నోటి దగ్గర చెయ్యి పెట్టి, ఇంజిన్ స్టార్ట్ చేయమని, గాలి లోపలికి పోవడం అరచేతితో చూసుకున్నాడు.