మందుల షాపు కౌంటర్ మీద రెండు లైన్ల ఫోన్

తెనాలిలో మా మందుల షాపు, దాని వెనకే ఇల్లు. షాపుకో ల్యాండ్‌లైను, ఇంటికో ల్యాండ్‌లైను. రెండూ ఒకే సెట్టులోకి తెచ్చుకుని చాలా ఏళ్లయింది. చేతిలో సెల్లుండగా ఇదెందుకని అడిగేవాళ్లకు నేను చూపించేది కాన్ఫరెన్స్ బటన్.

చీటీలో మోతాదు ఎక్కడో తేడాగా కనిపిస్తుంది. ఇంటి దగ్గర పేషెంటు తాలూకు మనిషి లైన్ 1లో ఉంటారు. "లైన్లోనే ఉండండి బాబాయ్ గారూ, డాక్టర్ గారినే అడుగుదాం" అని హోల్డ్ నొక్కి, లైన్ 2లో క్లినిక్‌కి చేస్తాను. ఆయన పలకగానే కాన్ఫరెన్స్ నొక్కితే ముగ్గురం మాట్లాడుకోవచ్చు. పూటకు సగం మాత్రా, ఒకటా అన్నది ఆ ఇంటివాళ్లు డాక్టరు నోటివెంటే వింటారు. మందుల దగ్గర ఇంతకన్నా భద్రత ఏం కావాలి? రెండు లైన్లూ కలిపినప్పుడు గొంతు కాస్త తగ్గుతుంది, వాల్యూమ్ పెంచుకోవాలి.

దీపాలకు త్వరగా అలవాటు పడతాం. నా సెట్టులో నిలకడగా వెలిగితే లైను వాడకంలో ఉన్నట్టు, మెల్లగా ఆరి వెలుగుతుంటే హోల్డ్‌లో ఉన్నట్టు. రెండు లైన్లకూ వేర్వేరు రింగులు పెట్టుకుంటే ఎవరి ఫోనో చూడకుండానే తెలుస్తుంది.

నచ్చనిది ఒకటుంది. అదే లైనుకు లోపల ఇంకో ఫోన్ తగిలిస్తే, అది ఎత్తినవాళ్లకు ఇక్కడి మాటలన్నీ వినపడతాయి. ఒకరి జబ్బు సంగతి ఇంకొకరి చెవిన పడకూడదు కదా. అందుకే షాపు లైనుకు ఎక్స్‌టెన్షన్ పెట్టనివ్వలేదు, కౌంటర్ దగ్గర స్పీకర్ జోలికీ పోను.

కొనేవాళ్లు వైరు చూసుకోండి. రెండు లైన్లూ ఒకే తాడులో రావాలంటే లోపల నాలుగు తీగలుండాలి. మధ్య రెండూ లైన్ 1వి, అటూ ఇటూ ఉన్నవి లైన్ 2వి. పారదర్శకంగా ఉండే ఆ చిన్న ప్లగ్గును వెలుతురుకు పెట్టి చూస్తే రాగి రంగు మొనలు లెక్కకొస్తాయి. రెండే ఉంటే లైన్ 2 పలకదు, సెట్టు పాడైందని షాపులో గొడవపడనక్కర్లేదు.

రాగి తీగ లైనులో ఊరికే ఉన్నప్పుడే 48 వోల్టుల దాకా ఉంటుంది. రింగు వచ్చినప్పుడు దానిమీద సుమారు 75 నుంచి 90 వోల్టుల ఏసీ వస్తుంది. ఊడిన తీగ చేత్తో పట్టుకుంటే జిల్లుమంటుంది. బ్యాటరీలు మార్చేముందు లైను తాడు తీసేయండి. తడి గోడకు సాకెట్టు వద్దు. వేసవి సాయంత్రం గాలివానతో ఉరుములు మొదలైతే రిసీవర్ ముట్టుకోవద్దు. మబ్బు పట్టినప్పుడే లైను తాడూ, అడాప్టరూ రెండూ పీకేయాలి. ఒకటి ఉంచితే ఆ దారినే పిడుగు దెబ్బ సెట్టుకు తగులుతుంది. గ్యాస్ వాసనొస్తే మాత్రం ఆ గదిలో ఏ ఫోనూ ఎత్తకండి, ఏ స్విచ్చూ వేయకండి. బయటికి వెళ్లి 1906కి చేయండి.

ఫైబర్ వచ్చాక ఇంకో జాగ్రత్త. పాత లైనుకు కరెంటు ఎక్స్ఛేంజి నుంచే వచ్చేది, ఊరంతా చీకటైనా ఫోన్ పలికేది. ఇప్పుడు గోడమీది ఫైబర్ పెట్టె ఆగితే రెండు లైన్లూ ఒకేసారి మూగబోతాయి. ఆ పెట్టెను ఇన్వర్టరు మీద ఉంచాను. అర్ధరాత్రి 108కి చేయాల్సొచ్చే ఇల్లయితే ఇది వాయిదా వేయొద్దు.

స్పీడ్ డయల్‌లో పాత సెల్ నంబర్లుంటే అవీ సరిచూడండి. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి సెల్‌కు చేయాలంటే ముందు 0 ఉండాలి. డాక్టరు గారి నంబరు బటన్ మొదట సరిచేయండి.