పికప్‌కి ఎలక్ట్రిక్ రేడియేటర్ ఫ్యాన్ కిట్: ఫ్యాన్ మంచిదే, దాంతో వచ్చే వైర్లతోనే పేచీ

బెల్టుతో తిరిగే పాత ఫ్యాన్ విప్పేసి, దాని చోట బిగించుకునే 16 అంగుళాల ఎలక్ట్రిక్ ఫ్యాన్ కిట్ గురించి ఇది. కంపెనీ పేరు రాయడం లేదు. ఒకే సరుకు నాలుగు స్టిక్కర్లతో తిరుగుతోంది కాబట్టి స్టిక్కరు చూసి కొన్నా ఒకటే, చూడకుండా కొన్నా ఒకటే. డబ్బా విప్పితే ఫ్యాను, ఒక రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును వేసి ఆపే స్విచ్చు), సన్న వైర్ల కట్ట, రేడియేటర్ జాలీలో గుచ్చే సెన్సరు, నాలుగు ప్లాస్టిక్ టైలు ఉంటాయి. వీటిలో బండికి ఎక్కించదగ్గది ఫ్యాన్ ఒక్కటే. మిగతావన్నీ విడిగా కొనుక్కోవాల్సిందే, ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.

ఎవరికి పనికొస్తుందంటే, రొయ్యల పట్టుబడి రోజున ఐసు, ట్రేలు వేసుకుని చెరువు గట్టు మీద మనిషి నడకతో పాకే బండికి. రావులపాలెం అరటి మార్కెట్టు ముందు ఏసీ వేసుకుని వరసలో నిలబడే బండికి. వీటికి ఎదురుగాలి ఉండదు. పాత ఫ్యాన్ ఇంజన్‌తో పాటే తిరుగుతుంది, స్లోలో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఉన్నప్పుడు, 800 ఆర్‌పీఎం దగ్గర అది లాగే గాలి అంతంతమాత్రం. ఎలక్ట్రిక్ ఫ్యాన్‌కి ఇంజన్ వేగంతో పని లేదు, బండి నిలబడి ఉన్నా పూర్తి గాలి లాగుతుంది. రోహిణి కార్తె మధ్యాహ్నం టెంపరేచర్ ముల్లు మీద తేడా కనిపించేది ఇక్కడే.

అదే బండి నిండు లోడుతో రంపచోడవరం దాటి మారేడుమిల్లి ఘాటు ఎక్కే కిరాయిలకు వెళ్తుంటే మాత్రం పాత ఫ్యాన్ జోలికి పోవద్దు. 20 ఆంపియర్లు తాగే 12 వోల్టుల మోటారుకి అందేది 240 వాట్లు, అంటే హార్స్‌పవర్‌లో మూడో వంతు. వేడికి పూర్తిగా పట్టుకున్న విస్కస్ ఫ్యాన్ (సిలికాన్ ఆయిల్ క్లచ్ ఉన్న పాత ఫ్యాన్; చల్లగా ఉంటే జారుతుంది, వేడెక్కితే పట్టుకుంటుంది) ఘాటులో ఇంజన్ నుంచి దానికి ఎన్నో రెట్లు లాక్కుంటుంది, గాలీ ఎక్కువే ఇస్తుంది. డబ్బా మీద వేసిన సీఎఫ్‌ఎం (నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి) అంకె చూసి మోసపోకండి. అది ముందు రేడియేటర్ లేకుండా ఖాళీగా తిప్పి చూసిన గాలి.

బండి కాగుతోందని ఈ కిట్ కొనే వాళ్ళు ముందు రేడియేటర్ చూసుకోవాలి. కోతల రోజుల్లో ఊక, గడ్డి పీచు, పురుగులు ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందులో దిండులా పేరుకుంటాయి. ముందు నుంచి చూస్తే జాలీ శుభ్రంగానే కనిపిస్తుంది. ఇంజన్ వైపు నుంచి బయటికి, తక్కువ ప్రెషర్ నీళ్ళతో కడగాలి. ఇక లోపలి సంగతి. సముద్రం వైపు ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పన. ఏళ్ళ తరబడి అవే పోసి ట్యూబుల్లో పొలుసు కట్టించిన రేడియేటర్‌కి ఏ ఫ్యాన్ తగిలించినా కాగుతూనే ఉంటుంది. కూలెంటు సగం, డిస్టిల్డ్ వాటర్ సగం, అంతే.

విప్పడం పెద్ద పని కాదు గానీ రెండు చోట్ల జాగ్రత్త. విస్కస్ క్లచ్ వాటర్ పంపు మీద పెద్ద నట్టుతో ఉంటే, కొన్ని ఇంజన్లలో అది ఉల్టా థ్రెడ్. తెలుసుకోకుండా సుత్తి దెబ్బలు వేస్తే పంపు బేరింగు పోతుంది. బోల్టులతో ఉంటే మరొక చిక్కు: చాలా బండ్లలో ఫ్యాన్‌నీ పుల్లీనీ పట్టి ఉంచేవి ఆ నాలుగు బోల్టులే. ఫ్యాన్ మందం పోయాక అవే బోల్టులు మళ్ళీ వేస్తే మొన అడుగుకు తగిలి ఆగిపోతుంది, స్పానరుకి బిగిసినట్టే ఉంటుంది, పుల్లీ మాత్రం వదులు. ఆ మందం ఎంతో కొలిచి అంత పొట్టి బోల్టులు వేయాలి.

కొత్త ఫ్యాన్ రేడియేటర్ వెనక, ఇంజన్ వైపే ఉండాలి, గాలిని లాగాలి. మోటారు వీపుకీ వాటర్ పంపు పుల్లీకీ మధ్య కనీసం 25 మి.మీ. ఖాళీ వదలండి, రేస్ చేసినప్పుడు ఇంజన్ ఊగుతుంది. ప్లాస్టిక్ టైలు జాలీలోంచి దూర్చి బిగించమని కిట్ కాగితంలో రాసి ఉంటుంది. ఈ కిట్ మొత్తంలో అన్నిటికన్నా చెడ్డ సలహా అదే. గతుకుల రోడ్డు మీద ఆ టై ట్యూబును రంపంలా రాస్తుంది, కొన్నాళ్ళకు సరిగ్గా అక్కడే లీకు మొదలవుతుంది. రేడియేటర్ పక్క ఫ్రేములకు అల్యూమినియం పట్టీలు వేసి, రబ్బరు వాషర్లతో ఫ్యాన్‌ని వాటికి బిగించండి.

గాలి డొప్ప, అంటే జాలీ మొత్తం గాలిని ఫ్యాన్ వైపు మళ్ళించే తొడుగు విషయంలో పొదుపు చేయొద్దు. 16 అంగుళాల వలయం వైశాల్యం దాదాపు 200 చదరపు అంగుళాలు. జాలీ 20కి 18 ఉందనుకుంటే 360. డొప్ప లేకుండా ఫ్యాన్‌ని జాలీకి ఆనించి పెడితే ఆ వలయం ఎదురుగా ఉన్న ముక్కలోంచే గాలి వస్తుంది, మిగతా రేడియేటర్ ఊరికే ఉంటుంది. జాలీ మొత్తాన్ని కప్పేలా, ఫ్యాన్‌కీ జాలీకీ మధ్య 2 అంగుళాల లోతు వచ్చేలా రేకు డొప్ప చేయించాలి. హైవే మీద ఎదురుగాలి బయటికి పోవడానికి డొప్ప మూలల్లో రబ్బరు మూతలు పెడితే ఇంకా మంచిది. బిగించాక ఫ్యాన్ తిప్పి గ్రిల్లు ముందు ఒక కాగితం పెట్టండి. అతుక్కుంటే సరే. ఎగిరిపోతే వైర్లు తారుమారయ్యాయి.

వైరింగు దగ్గర కాస్త ఆగాలి, ఈ కిట్ కాలిపోయేది ఇక్కడే కాబట్టి. ఇచ్చిన వైరు 1.5 చదరపు మి.మీ. బ్యాటరీ నుంచి ఫ్యాన్‌కి పోను రాను 4 మీటర్లు అనుకుంటే, 20 ఆంపియర్ల దగ్గర సుమారు 1 వోల్టు దారిలోనే పోతుంది. ఫ్యాన్ నీరసంగా తిరుగుతుంది, వైరు పట్టుకుంటే వెచ్చగా ఉంటుంది. 6 చదరపు మి.మీ. రాగి వైరు వేస్తే ఆ నష్టం పావు వోల్టు. బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరంలోపే 30 ఆంపియర్ల ఫ్యూజు, అక్కడి నుంచి 40 ఆంపియర్ల రిలే 30 నంబరు పిన్నుకి, 87 నుంచి ఫ్యాన్‌కి. 86కి ఇగ్నిషన్ లైను (తాళం తిప్పితేనే కరెంటు వచ్చే వైరు), 85 సెన్సర్ ద్వారా ఎర్తుకి. ఫ్యాన్ మొదలయ్యే క్షణంలో మామూలు కరెంటుకు రెండు మూడు రెట్లు లాగుతుంది. 20 ఆంపియర్ల ఫ్యూజు అందుకే ఆగదు. అది ఎగిరిందని 50ది వేస్తే ఫ్యూజు బదులు వైరు కాలుతుంది. ఫ్యాన్ ఎర్తు ముందు గ్రిల్లు రేకుకి వేసి వదిలేయకుండా బ్యాటరీ మైనస్ దాకా తేవాలి. ఏసీ ఉన్న బండిలో కంప్రెసర్ క్లచ్ లైను నుంచి డయోడు (కరెంటును ఒక్క వైపే పోనిచ్చేది) పెట్టి రెండో రిలే వేయించండి, ఏసీ వేయగానే ఫ్యాన్ కూడా రావాలి.

గుచ్చే సెన్సర్ వద్దు. అది చూసేది జాలీ వేడిని, నీళ్ళ వేడిని కాదు. గాలి తగిలితే ఒక లెక్క, తగలకపోతే ఒక లెక్క చూపిస్తుంది. పై హోసు పైపు కోసి మధ్యలో అల్యూమినియం అడాప్టరు పెట్టి, అందులో మరతో బిగించే స్విచ్చు వేయడం సరైన పద్ధతి. ఒంటి వైరు స్విచ్చయితే దానికి ఎర్తు దాని లోహపు బాడీ నుంచే రావాలి. రెండు రబ్బరు పైపుల మధ్య ఉన్న అడాప్టరుకి ఎర్తు ఎక్కడిది? దానికి విడిగా ఒక వైరు బిగించకపోతే ఫ్యాన్ ఎప్పటికీ తిరగదు, నేరం మోటారు మీద పడుతుంది. ఇంజన్ థర్మోస్టాట్ (వేడెక్కాక నీళ్ళను రేడియేటర్‌కి వదిలే కవాటం) 82 డిగ్రీలదైతే స్విచ్చు 92 దగ్గర వేసి 87 దగ్గర ఆపేది చాలు. 82 కన్నా కింద ఆగే స్విచ్చు వేస్తే ఫ్యాన్ ఆగనే ఆగదు. కూలెంటు పోశాక మూతి వైపు కాస్త ఎత్తులో బండి పెట్టి, థర్మోస్టాట్ తెరుచుకుని పై పైపు వేడెక్కేదాకా స్లోలో ఉంచి గాలి తీసేయండి. సెన్సర్ దగ్గర గాలి బుడగ నిలిస్తే నీళ్ళు మరుగుతున్నా దానికి తెలియదు.

డైనమో సంగతి చాలామంది వదిలేస్తారు. వానాకాలం రాత్రి హెడ్‌లైట్లు 10, బ్లోయరు 8, వైపరు 5, మిగతావి 7, మొత్తం 30 ఆంపియర్లు. ఫ్యాన్‌తో 50. 70 ఆంపియర్ల డైనమో స్లోలో అందులో సగం ఇస్తే గొప్ప. అన్నీ వేసి, ఇంజన్ స్లోలో ఉంచి బ్యాటరీ మీద మీటరు పెట్టండి. 13 వోల్టుల కిందికి జారితే బ్యాటరీలో చార్జి కరుగుతున్నట్టు, ఉదయం సెల్ఫ్ కొట్టదు.

అంతర్వేది, నరసాపురం వైపు ఉప్పు గాలి ఒకటి, రొయ్యల ట్రేల నుంచి కారే నీళ్ళు ఒకటి. కిట్‌లోని కనెక్టర్ తెరిచి చూస్తే రాగి పిన్నుల మీద పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. ఆ కనెక్టర్ కోసేసి, లోపల జిగురున్న హీట్‌ష్రింక్ (వేడి తగిలితే ముడుచుకుని బిగిసే) గొట్టం వేసి కలపండి. రిలే పిన్నులు కిందికి చూసేలా బిగించాలి, పైకి ఉంటే నీళ్ళు నిలుస్తాయి. మోటారు అడుగున చిన్న నీటి రంధ్రం ఉంటుంది, ఫ్యాన్ బిగించేటప్పుడు అది కచ్చితంగా కింది వైపుకే రావాలి. చాలామంది వైరు అందడం లేదని ఫ్యాన్‌ని పావు చుట్టు తిప్పి బిగిస్తారు. దాంతో రంధ్రం పక్కకి పోయి, నీళ్ళు లోపలే నిలిచి బ్రష్షులు పట్టేస్తాయి.

ఒక విషయంలో ఈ ఫ్యాన్‌కి పూర్తి మార్కులు. జూలై, ఆగస్టు వరదల్లో ఊరి రోడ్ల మీద నీళ్ళు నిలిచినప్పుడు పాత ఫ్యాన్ నీళ్ళలో తిరిగి, రెక్కలు ముందుకు వంగి రేడియేటర్‌ని కోసేస్తాయి. దీన్ని ఆపొచ్చు. 86 పిన్నుకి వెళ్ళే లైనులో డ్యాష్‌బోర్డు మీద ఒక స్విచ్చు పెట్టుకోండి, ఏసీ రిలేకి వేరే స్విచ్చు లేకపోతే నీళ్ళలోకి దిగే ముందు ఏసీ కూడా ఆపేయండి. స్విచ్చు ఆపి ఉన్నంతసేపూ వెలిగే ఎర్ర లైటు తప్పనిసరి, లేకపోతే గట్టెక్కాక వేయడం మర్చిపోతారు. కాజ్‌వే మీద ప్రవాహం పారుతుంటే మాత్రం ఏ ఫ్యాన్ ఉన్నా బండి దించకూడదు.

మైలేజీ పెరుగుతుందని డబ్బా మీద రాస్తారు. విస్కస్ క్లచ్ బాగున్న బండిలో పాత ఫ్యాన్ చల్లగా ఉన్నప్పుడు ఎలాగూ జారుతూనే ఉంటుంది, మిగిలే డీజిల్ చెప్పుకోదగ్గంత ఉండదు. చప్పుడు మాత్రం బాగా తగ్గుతుంది, పొద్దున్నే ఇంజన్ త్వరగా వేడెక్కుతుంది.

అంతా అయ్యాక ఎండలో 20 నిమిషాలు ఏసీ లేకుండా స్లోలో వదలండి. ఫ్యాన్ వచ్చి, ఆగి, మళ్ళీ రావాలి. లోడుతో 60లో వెళ్తున్నప్పుడు కూడా ఆగకుండా తిరుగుతోందంటే డొప్పలోనో స్విచ్చులోనో తప్పుంది. వారం తర్వాత ఫ్యూజు హోల్డరు విప్పి ప్లాస్టిక్ రంగు మారిందేమో చూడండి. పాత ఫ్యాను, క్లచ్చు, ఆ నాలుగు పొడుగు బోల్టులు గోనెసంచిలో కట్టి షెడ్డులో దాచండి. క్లచ్చుని బండి మీద ఉన్నట్టే నిలువుగా ఉంచాలి, పడుకోబెడితే లోపలి సిలికాన్ ఆయిల్ కారిపోతుంది.